ఆ హ్యామర్ మెసేజ్‌ను ఇక ఫార్వర్డ్ చేయకండి

"జపాన్ వాళ్లు 300 ఏళ్లు దాచిన క్యాండిల్ రహస్యాలు" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. క్యాండిల్ అంటే ఒక రోజుకో గంటకో నిమిషానికో మొదటి, చివరి, గరిష్ఠ, కనిష్ఠ ధరలను చార్టులో చూపే కడ్డీ; ధర పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. ఫారెక్స్ (కరెన్సీల ట్రేడింగ్) నేర్చుకోవడం మొదలుపెట్టిన స్నేహితులందరూ నాకు అదే పంపుతున్నారు. నిజమా కాదా అని అడగడానికి కాదు, "సేవ్ చేసుకో, పనికొస్తుంది" అని చెప్పడానికి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసి విసుగొచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఈ పద్ధతి 300 ఏళ్లుగా నిరూపితం. మూడు ఆకుపచ్చ క్యాండిళ్ల తర్వాత నాలుగోదీ ఆకుపచ్చే. హ్యామర్ (కింద పొడుగు తోక ఉన్న క్యాండిల్) వస్తే కొనండి, షూటింగ్ స్టార్ (పైన పొడుగు తోక ఉన్నది) వస్తే అమ్మండి, 80 శాతం గెలుపు ఖాయం. ఒక నిమిషం చార్టులో క్యాండిళ్లు ఎక్కువ కాబట్టి డబ్బూ ఎక్కువ. వార్తలు చూడక్కర్లేదు. ప్యాటర్న్ పక్కాగా కనిపిస్తే స్టాప్‌లాస్ (నష్టం ఒక హద్దు చేరగానే ట్రేడు మూసే ఆర్డర్) వద్దు, 1:500 లెవరేజీతో (మీ డబ్బుకు 500 రెట్ల ట్రేడు) పెద్ద లాట్ (ట్రేడు పరిమాణం) వేయండి. చివర్లో అకౌంట్ తెరవడానికి ఒక లింకు.

300 ఏళ్ల మాట ముందు తేల్చేద్దాం. హొమ్మా మునెహిసా అనే బియ్యం వ్యాపారి 18వ శతాబ్దంలో నిజంగానే ఉన్నాడు. సకాటా ఆయన ఊరు, బియ్యం ధరల మీద అంచనాలకు పేరు తెచ్చుకున్నాడు. మనం చూసే రూపంలో క్యాండిల్ చార్టులు మాత్రం ఆయన తర్వాత, మెయిజీ కాలంలో (1868-1912) వచ్చి ఉండాలన్నదే బలమైన అభిప్రాయం. సరే, అప్పుడే ఉన్నాయనుకుందాం. కరెన్సీలకేం సంబంధం? 1949 నుంచి 1971 దాకా డాలరుకు 360 యెన్‌లని రేటు కట్టిపెట్టి ఉంచారు. ప్రధాన కరెన్సీలు స్వేచ్ఛగా కదలడం మొదలైంది 1973లో. కదలని రేటు మీద 300 ఏళ్ల పరీక్ష ఎలా జరిగింది?

మూడు ఆకుపచ్చ క్యాండిళ్ల ముక్కకు జవాబు అక్కర్లేదు. ఏదో ఒక చార్టు తెరిచి వెనక్కి జరుపుతూ పది నిమిషాలు లెక్కపెట్టండి, చాలు.

ఇక హ్యామర్. "డైలీ చార్టులో హ్యామర్ వచ్చింది" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న, ఎవరి డైలీ చార్టులో? ఫారెక్స్‌కు షేర్ మార్కెట్‌లా ఒకే ఎక్స్చేంజీ లేదు, గంట కొట్టి మూసే సమయమూ లేదు. రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో బ్రోకర్ సర్వర్ గడియారం నిర్ణయిస్తుంది. ఒకరి క్యాండిల్ న్యూయార్క్‌లో సాయంత్రం 5 గంటలకు మూసుకుంటుంది, మరొకరిది గ్రీనిచ్ అర్ధరాత్రికి. కొందరి చార్టులో ఆదివారానికి రెండు మూడు గంటల చిన్న క్యాండిల్ విడిగా వచ్చి, వారానికి ఆరు క్యాండిళ్లు కనిపిస్తాయి. అదే కరెన్సీ జంట, అదే ధరలు. ఒక చార్టులో హ్యామర్, పక్క చార్టులో మామూలు ఎర్ర క్యాండిల్. నాలుగు గంటల చార్టుదీ ఇదే కథ. గడియారం రెండు గంటలు జరిపితే మాయమయ్యే సంకేతం మీద 80 శాతం గెలుపు ఎలా నిలుస్తుంది?

విక్ (క్యాండిల్ తోక) చివర ఎక్కడుందన్నది కూడా అందరికీ ఒకటి కాదు. 2016 అక్టోబర్ 7న ఆసియా సమయంలో పౌండు నిమిషాల్లో 1.26 డాలర్ల నుంచి కుప్పకూలి మళ్లీ లేచింది. ఆ రోజు కనిష్ఠం ఒక్కో చోట ఒక్కోలా నమోదైంది. పైగా మార్నింగ్ స్టార్, పియర్సింగ్ లైన్ లాంటి ప్యాటర్న్‌లకు అసలు నిర్వచనంలో గ్యాప్ (ముందు క్యాండిల్ ముగిసిన ధరకు దూరంగా తర్వాతిది మొదలవడం) ఉండాలి. వారం మధ్యలో ఫారెక్స్‌లో గ్యాప్ ఎక్కడ? అది దొరకదు కనక ఆ షరతు తీసేసి, పేరు మాత్రం అలాగే ఉంచారు.

ఇలా అన్నానని క్యాండిళ్లు దండగ అనడం లేదు. నాలుగు ధరలను ఒక్క చూపులో చూపించడంలో దీన్ని మించిన చార్టు నాకు తెలియదు, నేనూ అదే వాడతాను. అమెరికా షేర్ల మీద 1998లో వచ్చిన ఒక అధ్యయనం కొన్ని మూడు రోజుల ప్యాటర్న్‌లకు ముందుచూపు ఉందనే తేల్చింది. 2006లో మరో అధ్యయనం డౌ జోన్స్ షేర్ల మీద పరీక్షించి లాభమేమీ లేదంది. అంటే చర్చ ఇంకా ఉంది. పాత సపోర్ట్ (ఇదివరకు ధర పడకుండా ఆగిన చోటు) దగ్గర పడ్డ పొడుగు విక్ అక్కడ కొన్నవాళ్లున్నారని చెబుతుంది, అది నిజమైన సమాచారమే. రేపు కూడా కొంటారని మాత్రం చెప్పదు.

ఒక నిమిషం చార్టు సంగతి లెక్కతో చూద్దాం. యూరో-డాలర్‌లో స్ప్రెడ్ (కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా) 1 పిప్ (ధరలో 0.0001) అనుకోండి. 5 పిప్పుల టార్గెట్, 5 పిప్పుల స్టాప్ పెట్టి కొన్నారు. చార్టు చూపేది మామూలుగా అమ్మే ధర, మీరు కొన్నది దానికి 1 పిప్ పైన. కాబట్టి చార్టు మీద కనిపించే ధర 6 పిప్పులు పెరిగితే మీ టార్గెట్, 4 తగ్గితే మీ స్టాప్. ధర ఎటైనా సమానంగా కదిలే అవకాశం ఉన్నా, పదింటిలో నాలుగే గెలుస్తారు. అదే నాలుగు గంటల చార్టులో 60 పిప్పులు ఇటూ అటూ పెడితే 61కి 59, తేడా దాదాపు కనిపించదు. క్యాండిళ్లు పెరిగిన కొద్దీ పెరిగేది మీరు కట్టే స్ప్రెడ్.

"వార్తలు అక్కర్లేదు, అన్నీ క్యాండిల్‌లోనే ఉంటాయి" అన్న మాటకు 2015 జనవరి 15 చాలు. స్విస్ కేంద్ర బ్యాంకు 2011 సెప్టెంబర్ నుంచి యూరో-ఫ్రాంక్ రేటు 1.20 కిందికి పడకుండా కాపాడుతూ వచ్చింది. ఆ జనవరి మొదటి రెండు వారాల చార్టు చూడండి. 1.20 పైనే అంటుకుని చిన్న చిన్న క్యాండిళ్లు, కొన్ని దోజీలు (మొదలైన ధర దగ్గరే ముగిసిన క్యాండిళ్లు). హెచ్చరిక లాంటిది ఏదీ లేదు. 15వ తేదీ ఉదయం బ్యాంకు ఆ హామీ ఎత్తేసింది. నిమిషాల్లో రేటు 1.00 కిందికి జారింది. అల్పారీ బ్రిటన్ అనే బ్రోకర్ సంస్థ దివాలా తీసింది. ఎఫ్‌ఎక్స్‌సీఎం అనే మరో బ్రోకర్ 30 కోట్ల డాలర్ల అప్పుతో బయటపడింది. కొనుగోలుదారుల ధైర్యమంతా ఏ బ్యాంకు మాట మీద ఆధారపడిందో ఏ క్యాండిలూ చెప్పలేదు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన ముక్క. స్టాప్‌లాస్ వద్దట, పెద్ద లాట్ వేయాలట. కారణంగా మెసేజ్ చెప్పేది, బ్రోకర్లు మీ స్టాప్‌ను వేటాడతారని.

ఒక మాట ఒప్పుకుంటాను. స్టాప్‌లు తగలడం ఊహ కాదు. హ్యామర్ చూసి కొన్న అందరూ దాని కనిష్ఠానికి ఒకటి రెండు పిప్పుల కిందే స్టాప్ పెడతారు, ఎందుకంటే అందరికీ అదే నేర్పారు. అక్కడ ఆర్డర్లు పోగుపడతాయి, ధర అక్కడిదాకా వెళ్లి తిరిగొచ్చేది చాలాసార్లే. మీ ట్రేడుకు ఎదురుగా తానే నిలబడే బ్రోకర్‌కు మీ నష్టమే లాభమన్నదీ అబద్ధం కాదు. ఇంకా ఒకటి: ఆ జనవరి 15న స్టాప్‌లు పెట్టినవాళ్లను కూడా స్టాప్ కాపాడలేదు. కొనేవాళ్లే లేక, పెట్టిన ధరకు ఎంతో దూరంలో ఆర్డర్లు పూర్తయ్యాయి. ఆ రోజు కాపాడింది చిన్న లాట్ ఒక్కటే.

అంటే స్టాప్ మీద అనుమానం ఉన్నవాడు లాట్ తగ్గించాలి. ఈ మెసేజ్ స్టాప్ తీసేసి లాట్ పెంచమంటోంది! 500 డాలర్ల అకౌంట్, 1:500 లెవరేజీ తీసుకోండి. ఒక పూర్తి లాట్‌కు (లక్ష యూరోలు) 200 యూరోల మార్జిన్ (ట్రేడు కోసం పక్కన పెట్టే సొమ్ము) చాలు, అంటే వేయగలరు. పిప్పుకు 10 డాలర్లు. దాదాపు 40 పిప్పులు ఎదురు తిరిగితే బ్రోకరే మీ ట్రేడు మూసేస్తాడు. యూరో-డాలర్ మామూలు రోజున కూడా ఆ దూరం కదులుతుంది. స్టాప్ లేదనుకున్నారు గాని ఉంది, అకౌంట్ ఖాళీ అయ్యే చోట ఉంది.

80 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. నష్టంలో ఉన్న ట్రేడు మూయకుండా, చిన్న లాభం రాగానే మూసేస్తే ఎవరికైనా 80 శాతం గెలుపు వస్తుంది. పదిలో ఎనిమిది గెలిచి ఒక్కోదానికి 10 పిప్పులు, మొత్తం 80. ఓడిన రెండింటిలో ఒక్కోదానికి 50, మొత్తం 100. ఎనిమిది సార్లు గెలిచి 20 పిప్పుల నష్టం. ఇది కూడా నష్టం 50 దగ్గర ఆపితేనే. మెసేజ్ ఆపొద్దంటోంది, పైగా "ఇంకో హ్యామర్ వస్తే డబుల్ చేయండి" అంటోంది. 0.1, 0.2, 0.4, 0.8 అని మూడు సార్లు డబుల్ చేస్తే చేతిలో 1.5 లాట్, పిప్పుకు 15 డాలర్లు. అదీ నష్టంలో ఉన్న దిశలోనే!

2018లో యూరప్ నియంత్రణ సంస్థ ఎస్మా చిన్న మదుపరులకు ప్రధాన కరెన్సీ జంటల మీద లెవరేజీని 1:30కి కుదించింది. అప్పుడు అది చూపిన లెక్క ప్రకారం సీఎఫ్‌డీ (అసలు ఆస్తి కొనకుండా దాని ధర తేడా మీద చేసే ఒప్పందం) ట్రేడింగ్ చేసే ఇలాంటి ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయి. 1:30 కూడా ప్రమాదమే అనుకునేవాళ్లున్నచోట 1:500ను రహస్యం పేరుతో పంచుతున్నారు.

హ్యామర్ మీదే ట్రేడ్ చేయాలనుంటే చేయండి. దాని కనిష్ఠానికి కాస్త దూరంగా స్టాప్ పెట్టండి. అది 40 పిప్పులైతే, 500 డాలర్ల అకౌంట్‌లో ఒక్క శాతం రిస్కుకు 0.01 లాట్ వస్తుంది. లాభం చిన్నగా ఉంటుంది, అకౌంట్ మిగిలి ఉంటుంది.

చివరి లింకును కూడా నొక్కకుండా, ఒకసారి చదివి చూడండి. అందులో బ్రోకర్ పేరు తర్వాత ఒక రెఫరల్ కోడ్ ఉంటుంది. అలాంటి కోడ్‌తో అకౌంట్ తెరిపించినవాడికి మామూలుగా మీరు వేసే ప్రతి లాట్ మీదా కమీషన్ వస్తుంది, మీరు గెలిచినా ఓడినా. ఒక నిమిషం చార్టు, పెద్ద లాట్, డబుల్ చేయడం, ఈ మూడు సలహాలూ ఎవరి ఆదాయం పెంచుతాయో మెసేజ్ మళ్లీ చదివితే తెలిసిపోతుంది.