మినహాయింపు ఎవరికి దక్కలేదో చూడండి
అమెరికా అధ్యక్షుడిగా జిమ్మీ కార్టర్ ఇచ్చిన క్షమాభిక్ష వియత్నాం యుద్ధంలో పోరాడినవాళ్లకు అవమానమని మీ వ్యాసంలో రాశారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కావడం లేదు. 1977 జనవరి 21న, అంటే గద్దెనెక్కిన మర్నాడే ఆయన క్షమించింది డ్రాఫ్టును, అంటే సైన్యంలో తప్పనిసరిగా చేరాలన్న పిలుపును, ఎగ్గొట్టిన పౌరులను. కెనడా వెళ్లిపోయినవాళ్లు కేసుల భయం లేకుండా ఇంటికి రాగలిగారు. యూనిఫాం వేసుకున్నాక మధ్యలో పారిపోయిన సైనికులకు మాత్రం అది వర్తించలేదు. నా దృష్టిలో అసలు అన్యాయం అదీ. కాలేజీలో సీటున్న కుర్రాడికి ఆ పిలుపు నుంచి చాలాకాలం వాయిదా దొరికేది. చదువుకునే స్తోమత లేనివాడు పిలుపు రాగానే వెళ్లాడు, అక్కడ తట్టుకోలేక పారిపోతే ఆ మచ్చ వాడికే మిగిలింది. ఇక్కడ న్యూజెర్సీలో మా పక్కింటి పెద్దాయన వియత్నాంలో పనిచేసి వచ్చారు. కెనడా వెళ్లినవాళ్ల మీద ఆయనకు పెద్దగా కోపం లేదు, కోపమంతా తనను పంపినవాళ్ల మీదే. అందరూ ఆయనలా ఉండరనుకోండి, 1976 ఆగస్టులో సియాటెల్‌లో మాజీ సైనికుల సభలో క్షమిస్తానన్నందుకే కార్టర్‌ను గోల గోల చేశారు. అయినా అవమానం సంగతి ఎత్తితే ముందు కార్టర్‌కు మునుపటి అధ్యక్షుడు ఫోర్డ్‌ను అడగాలి. 1974 సెప్టెంబరు 8న వాటర్‌గేట్ కుంభకోణంతో రాజీనామా చేసిన అధ్యక్షుడు నిక్సన్‌కు ఏ షరతూ లేకుండా క్షమాభిక్ష పెట్టేశారు. ఎనిమిది రోజులు తిరిగేసరికి డ్రాఫ్టు ఎగ్గొట్టినవాళ్లకు, పారిపోయిన సైనికులకు మాత్రం రెండేళ్ల దాకా ప్రజాసేవ చేస్తేనే మాఫీ అన్నారు. మీ వ్యాసంలో ఆ ఊసే లేదు.