ఫోను గారు నాడి పట్టుకున్నారు

"ఈమధ్య మీరు ఇల్లు కదలడం తగ్గింది. మనసు బాగానే ఉందా?" అని ఫోను పరామర్శించింది. సిబ్బంది సంక్షేమం పేరుతో ఆఫీసువాళ్లు ఎక్కించిన యాప్ అది. వీధిలో మోకాలి లోతు వాన నీళ్లు. ఆ సంగతి దాని దాకా వెళ్లలేదు.

నవ్వకండి, దీని వెనుక సైన్సు ఉంది. 2015లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరి ఫోన్లను రెండు వారాలు గమనించారు. డిప్రెషన్ లక్షణాలున్నవాళ్లు తక్కువ చోట్లకు వెళ్తున్నారని, రోజుకు సగటున 68 నిమిషాలు ఫోను చూస్తున్నారని, లేనివాళ్లు 17 నిమిషాలతో సరిపెట్టుకుంటున్నారని తేల్చారు. విశ్లేషణకు పనికొచ్చినవాళ్లు 28 మంది. మన ఇళ్లలో సత్యనారాయణ వ్రతానికే అంతకంటే ఎక్కువ మంది వస్తారు. పాపం, పరిశోధకులు ఇది తొలి ప్రయత్నమేనని శీర్షికలోనే చెప్పుకున్నారు. యాప్ అమ్మేవాళ్లు శీర్షికలు చదవరు కాబోలు.

అయినా 17 నిమిషాలేమిటండీ? మా బాబాయికి పొద్దున్నే గులాబీ పువ్వు మీద శుభోదయం రాసి నాలుగు గ్రూపుల్లో పెట్టడానికే అంత పడుతుంది.

ఈ లెక్కన మా అత్తయ్య పరిస్థితి విషమం. ఇల్లు, గుడి, కూరగాయల బండి, మళ్లీ ఇల్లు. ఇక భాగ్యనగరంలో అత్యంత ఆనందంగా ఉన్న మనిషి ఎవరంటే, బిర్యానీ డెలివరీ చేసే కుర్రాడు. పొద్దున కూకట్‌పల్లి, మధ్యాహ్నం మాదాపూర్, సాయంత్రం మణికొండ. జీపీఎస్ చూస్తే పరమానందమే. లిఫ్టు పనిచెయ్యని అపార్టుమెంటులో నాలుగో అంతస్తు ఎక్కి, "చల్లారిపోయిందేంటి?" అనిపించుకుని, ఒక్క స్టారుతో కిందికి దిగేసరికి యాప్ భుజం తడుతుంది: "ఈరోజు చాలా చురుగ్గా ఉన్నారు!" కానీ దారి చూసుకోవడానికి ఫోను పన్నెండు గంటలూ వెలుగుతూనే ఉంది కదా, అందుకని అదే యాప్ "మీ స్క్రీన్ టైమ్ ఆందోళనకరం" అని కూడా అంటుంది. ఒకే మనిషి ఒకే రోజు స్వర్గంలోనూ పాతాళంలోనూ ఉన్నాడు. ముందు ఆ యాప్‌ను ఎవరైనా మంచి డాక్టరుకు చూపించాలి.

చికిత్స సంగతా? తెర మీద నీలం గుండ్రం ఉబ్బుతుంది, తగ్గుతుంది. దానితో పాటు మనం ఊపిరి పీల్చి వదలాలి. బాలానగర్ సిగ్నల్ దగ్గరైతే పీల్చకపోవడమే ఆరోగ్యం. రెండో వారం ఊపిరి కావాలంటే చందా కట్టాలి.

పోనీ, చెప్పుకున్న బాధను యాప్ కడుపులో దాచుకుంటుందా అంటే, అదీ లేదు. ఆన్‌లైన్‌లో మానసిక కౌన్సెలింగ్ ఇచ్చే బెటర్‌హెల్ప్ అనే అమెరికా కంపెనీ రహస్యంగా ఉంచుతామని మాటిచ్చి, జనం నింపిన వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటివాటికి అందించిందని అక్కడ వినియోగదారుల తరఫున నిఘా పెట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో పట్టుకుంది. 78 లక్షల డాలర్లు కట్టించింది. మన వీధి చివర టీకొట్టు కూడా రహస్యాలను మోస్తుంది, కానీ డబ్బులు తీసుకోదు.

సరే, ఇదంతా ఫోను ఉన్నవాళ్ల గొడవ. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేర్చినప్పుడు పిల్లల చేతిలోంచి మొదట లాక్కునేది ఆ ఫోనునే. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. వాళ్ల మనసును ఏ యాప్ చూస్తుంది? 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి చనిపోయింది. ఆ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్తేగానీ, నూరుమంది విద్యార్థులున్న చోట కనీసం ఒక్క అర్హుడైన కౌన్సెలర్ ఉండాలని, సాయం అందించే ఫోన్ నంబర్లు హాస్టళ్లలో కనబడేలా పెట్టాలని 2025 జూలైలో ఆదేశం రాలేదు. ఒక్క మనిషిని కూర్చోబెట్టడానికి సుప్రీంకోర్టు కావాలా? లక్షల ఫీజులో కౌన్సెలర్ జీతం మిగల్లేదా? సిగ్గుండాలి. లక్షమందికి ఒక్క మానసిక వైద్యుడైనా లేని దేశంలో, ఉన్న మనుషుల్ని పెంచకుండా యాప్‌లు పెంచుతాం, తమాషాగా దాన్ని ప్రగతి అంటాం.

మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడుకోవడానికి ప్రభుత్వానిదే టెలిమానస్ అని ఒక హెల్ప్‌లైన్ ఉంది. 2022 నుంచి పనిచేస్తోంది, పైసా ఖర్చు లేదు, ఫోనెత్తేది మనిషే. నంబరు గోడమీద రాయడానికి చోటు లేదంటారా? ఫలితాల రోజు టీవీలో "ఒకటీ, ఒకటీ, ఒకటీ, రెండూ" అని చెవులు చిల్లులు పడేలా ర్యాంకులు అరిచే గొంతు ఒకటుందిగా, దాంతోనే ఈ అంకెలు కూడా అరిపించండి: ఒకటీ, నాలుగూ, నాలుగూ, ఒకటీ, ఆరు!