జేబులో ఏమున్నది పెద్దమ్మా?

ప్రజల రోజువారీ బతుకును ప్రజల చేతనే తీయించి, తిరిగి ప్రజలకే చూపించే అంతర్జాతీయ మహాయజ్ఞంలో ఉత్తర తెలంగాణ బాగా వెనకబడింది. దీనికి నిజాం పాలన కారణమనో, గోదావరి నీళ్లు కారణమనో తొందరపడి తీర్మానించకండి. అసలు కారణం వేరే ఉంది. మన ఆడవాళ్ల చీరలకు జేబుల్లేవు.

నవ్వే విషయం కాదు. 2010 జులై 24న మీరు గడిపిన రోజును తీసి పంపండని యూట్యూబ్ ద్వారా లోకానికంతా పిలుపు వెళ్లింది. 192 దేశాల నుంచి 80,000 వీడియోలు, మొత్తం 4,500 గంటలు వచ్చి పడ్డాయి. రిడ్లీ స్కాట్ నిర్మాతగా, కెవిన్ మెక్‌డొనాల్డ్ దర్శకుడిగా దాన్ని గంటా ముప్పై అయిదు నిమిషాలకు కుదించి, 2011 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో ‘లైఫ్ ఇన్ ఎ డే’ పేరుతో చూపించారు. కెమెరా గతిలేని దేశాలకు నాలుగు వందల దాకా కెమెరాలు కూడా పంపారట, పుణ్యాత్ములు. పంపేవాళ్లు తడబడకుండా కొన్ని ప్రశ్నలిచ్చారు. మీరు దేన్ని ప్రేమిస్తారు? దేనికి భయపడతారు? మీ జేబులో ఏముంది?

ఆ చివరి ప్రశ్న దగ్గరే మనం ఫెయిలయ్యాం.

ఇలాంటి ప్రశ్నలకు పెద్ద వంశమే ఉంది. 1937లో బ్రిటన్‌లో మాస్ అబ్జర్వేషన్ అని ఒకటి మొదలైంది. మామూలు మనుషుల చేత ప్రతినెలా 12వ తేదీన ఆ రోజు డైరీ రాయించేవారు. చలిమంట గూడు మీది అరలో ఏమేం పెట్టుకున్నారో వరుసగా రాయమని కూడా అడిగారు. అప్పుడు చలిమంట అర, ఇప్పుడు జేబు. మానవాళిని కొలవడానికి ఎవరు గజంబద్ద తెచ్చినా మన దగ్గర లేని వస్తువునే వెతికి తెస్తారు. గోడ దిగుట్లో ఏముంది, కొంగు ముడిలో ఏముంది, బొడ్లె సంచిలో ఏముంది అని అడిగితే నోటికి పట్టనంత సమాధానం వచ్చేది. యాభై నోటు, వక్క ముక్క, తాళపుచెవి, మందుల చీటీ, మహిళా సంఘం కిస్తీకి విడిగా ముడేసిన నూటయాభై. అడగలేదు. జేబు అన్నారు. కాబట్టి లేదు.

ఇక వారం సంగతి. 2010 జులై 24 శనివారం. ఇదే పద్ధతిలో మన దేశం మీద రిచీ మెహతా చేసిన ‘ఇండియా ఇన్ ఎ డే’కు తీసిన రోజు 2015 అక్టోబర్ 10, అదీ శనివారమే. మొదటి సినిమాకు రెండో విడత 2020 జులై 25, మళ్లీ శనివారం. భూగోళం మీద మనుషులు శనివారమే బతుకుతారని శాస్త్రీయంగా తేలిపోయింది. శనివారం వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ బంద్. హమాలీ లేడు, కాంటా లేదు, అడ్తిదారు లేడు, మిర్చి ఘాటుకు వచ్చే తుమ్ము లేదు. ఇళ్లల్లో వెంకన్న ఒక్కపొద్దు. ప్రపంచానికి మన వరంగల్ కనబడాలంటే ఉపాసం ఉండి, షట్టర్ దించుకుని కనబడాలి. పండుగైతే వేరు, బతుకమ్మను ఎప్పుడైనా తీసుకుంటారు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర కూడా వాళ్ల లెక్కలో మన రోజువారీ జీవితమే.

అయినా ఆశ వదులుకోకూడదు. తర్వాతి విడత పిలుపు వచ్చేలోగా మనవాళ్లను సిద్ధం చేయడం పౌర బాధ్యత. కోరుట్ల పక్క ఏదో ఒక ఊళ్లో బీడీలు చేసే పెద్దమ్మను తీసుకుందాం. ఆమె రోజులోంచి ఒక్క నిమిషం కావాలి.

ఏ నిమిషం అన్నదే మొదటి చిక్కు. ఆమె రోజు ముందు రోజు రాత్రే మొదలవుతుంది. తునికాకు కట్టలు నానబెట్టి, నీళ్లు ఓడ్చి, తడి గోనెసంచిలో చుట్టి పెట్టాలి. తడి చాలకపోతే తెల్లారేసరికి ఆకు పెళుసై మడత దగ్గర పగులుతుంది. ఎక్కువైతే బూజు పడుతుంది. పొద్దున్నే రేకు అచ్చు పెట్టి కత్తెరతో కొలతకు కత్తిరించాలి, లావు ఈనెలు గీకెయ్యాలి. అప్పుడు చాట ఒళ్లోకి వస్తుంది. ఆకులో తంబాకు పరిచి, చుట్టి, మూతి లోపలికి మడిచి, దారం వెయ్యాలి. తంబాకు తగ్గితే బీడీ మెత్తబడుతుంది, ఎక్కువైతే ఆకు పిగిలిపోతుంది. కట్టకు 25 చొప్పున వెయ్యి బీడీలంటే 40 కట్టలు. ఒక్కోదానికి అర నిమిషమే అనుకున్నా ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. ఆకు కత్తిరింపు ఇందులో లేదు. వంట లేదు, బట్టలు లేవు, మనుమడి ముక్కు తుడవడం లేదు.

రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి ఫోనును బియ్యం డబ్బాకు ఆనించాలి. నిలువుగా కాదు, అడ్డంగా. పెద్దమ్మ వెలుతురు కోసం గడప పక్కన కూర్చుంటుంది. ఫోను ఇంట్లోంచి బయటికి చూస్తే మొహం నల్లగా పడి, వెనక ఎండ మాత్రం తెల్లగా మండుతుంది. అందుకని డబ్బాను వాకిట్లోకి మార్చాలి. ఫ్యాన్ రొద బాధ లేదు, ఫ్యాన్ వేస్తే ఆకు ఆరిపోయి తంబాకు ఎగురుతుంది కనుక ఎండాకాలమైనా ఆమె వెయ్యదు. ప్రపంచ సినిమాకు ఆమె ముందుగానే చేసిన సాయమిది.

ఇంతలో టీవీ. సీరియల్ నడుస్తోంది. దాని సంగీతానికి హక్కుదారులుంటారు, అది వెనక వినబడితే క్లిప్పును వాడటం కష్టం. కట్టెయ్యాలి. “టీవీ బంద్ జేత్తె నా చేతులు నడువయి బిడ్డా” అంటుంది పెద్దమ్మ. నడిపించాలి. పక్కన కూర్చున్న మరో ముగ్గురు అనుమతి పత్రం మీద సంతకాలు చెయ్యాలి, ఆ పత్రం ఇంగ్లిషులో ఉంటుంది. బడి నుంచి వచ్చి దారం వేస్తున్న పిల్ల ఫ్రేములో పడకూడదు, చట్టం ఒప్పుకోదు. పిల్లను లోపలికి పంపాలి. ఆ ముగ్గురు నవ్వు ఆపుకోలేక పక్కింటికి పోతారు. ఇప్పుడు టీవీ లేదు, తోడు లేదు, పిల్ల లేదు. వాకిట్లో వెలుతురు వైపు మొహం పెట్టి, జీవితంలో ఎన్నడూ ఒంటరిగా బీడీ చెయ్యని మనిషి ఒంటరిగా బీడీ చేస్తోంది. దీన్నే సహజ జీవితం అంటారు.

తీశాక వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, ఏ రోజు తీశారన్న సమాచారం కూడా చెరిగిపోతుంది. ఆ రోజే తీశారని రుజువు లేకపోతే క్లిప్పు చెల్లదు. డాక్యుమెంట్‌గా పంపాలి. పెద్దమ్మకు ఇది కూడా నేర్పండి.

ఇక ప్రశ్నలు.

“పెద్దమ్మా, నువ్వు దేన్ని ప్రేమిస్తవ్?”

“థూ, ఏం మాటలురా అవి? మీ పెద్దబాపు ఇంటడు.”

“దేనికి భయపడతవ్?”

“చాటన్‌కు.”

అనువాదకుడు ఇక్కడ ఆగుతాడు. పులి, చీకటి, మరణం, ఒంటరితనం అన్నిటికీ అతని దగ్గర మాటలున్నాయి. చాటన్‌కు లేదు. చెప్పాలి మరి. కార్ఖానాకు కట్టలు పట్టుకుపోతే అక్కడ విప్పి చూసి, ఇది వంకర, ఇది మెత్తన, దీని ఆకు మచ్చ అని పక్కన పడేస్తారు. అదే చాటన్. పడేసిన వాటికి కూలీ రాదు.

విచిత్రమేమిటంటే సినిమావాళ్లకు ఈ పని బాగా తెలుసు. వచ్చిన 4,500 గంటలను రకరకాల భాషలు తెలిసిన సహాయకుల ముందు పెట్టి, ఒక్కో క్లిప్పుకు స్టార్లు వేయించి ఏరించారు. 2,70,000 నిమిషాల్లో మిగిలింది 95. అంటే 2,842 నిమిషాలకు ఒకటి. సినిమాలో చోటు దొరికిన కొందరిని సహ దర్శకులన్నారు, వేదిక ఎక్కించారు. మిగతావాళ్ల రోజు ఎక్కడ ఉందో సర్వర్లకే ఎరుక. ఈ లెక్క చెబితే పెద్దమ్మ చుట్టుడు ఆపకుండానే అంటుంది: “అయితే మా సేటే నయం.”

సేటు నయం కాదు పెద్దమ్మా. ఎవలూ నయం కాదు. వెయ్యి బీడీలకు సరిపోని ఆకు తూకమేసి ఇస్తరు, అండ్ల సగం చిల్లులు, చాలకుంటె నీ పైసలతోని నువ్వే బయట ఆకు కొనాలె. నీ ఆకుతోని నువ్వు చేసిన బీడీని చాటన్ అని తీసి పారేస్తరు. పారేసినట్టే ఉంటది, వాపస్ మాత్రం రాదు. తంబాకు దుమ్ముకు దగ్గు నీది, వంగి కూసున్న నడుము నీది, కత్తెర పట్టి కాయలు గాసిన బొటనవేలు నీది. నీ వేళ్లు తెరమీద రెండు సెకండ్లు కనబడితె, వెనుక వయొలిన్ కొట్టి, ‘ఎంత వేగం, ఎంత అందం’ అని అక్కడెవడో కండ్లు తుడుసుకుంటడు. ఆ వేగం ఎందుకొచ్చిందో అడుగడు. పొద్దుగూకేలోపు నలబై కట్టలు కాకుంటె ఏమైతదో అడుగడు. వానికి నీ జేబుల ఏమున్నదో కావాలె! జేబే లేదురా నాయినా. ఉంటె అండ్ల ఏముంటదో నీకు తెల్వదా?

క్షమించాలి. వ్యాసకర్త కొంచెం దారి తప్పాడు. సాంకేతిక విషయాలకు వద్దాం.

ఫోన్లు ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు తీసే బొమ్మల లెక్కను, వెలుతురును బట్టి తామే మార్చుకుంటాయి. ఎడిటింగ్‌లో అలాంటి క్లిప్పుల్లో మాట ఒకచోట, పెదవి ఒకచోట పడుతుంది. 2010లోనే పదుల రకాల ఫ్రేమ్ రేట్లలో వచ్చిన వీడియోలను ఒక్క రేటుకు తేవడం ఎడిటర్లకు తలకుమించిన పనైందట. కాబట్టి సెట్టింగుల్లో ఆ తానంతట తాను మారే ఏర్పాటును తీసేసి, సెకనుకు 25 లేదా 30 అని ఒక్క అంకెకు కట్టెయ్యండి. చార్జింగ్ చూసుకోండి. ఖాళీ స్థలం కోసం మీ మేనల్లుడి పెండ్లి వీడియో తీసెయ్యండి. మరునాడు ఆమె కార్ఖానాకు పోయే నిమిషం కూడా తీయాలనిపిస్తే అనిపించనివ్వండి. లోపలికి కెమెరా రానియ్యరు.

చివరి ప్రశ్న మిగిలింది. అడగక తప్పదు, రూలు.

“జేబులో ఏమున్నది పెద్దమ్మా?”

పెద్దమ్మ తల ఎత్తి, బియ్యం డబ్బాకు ఆనించిన ఫోనును, దాని వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తుంది. ఒళ్లోని చాట పక్కకు జరిపి, కత్తెర తీసి అతని ముందు పెడుతుంది.

“ఊకెనే నిలబడ్డవ్ గద. ఆకు ఆరిపోతాంది, గీ నాలుగు కత్తిరియ్యి. ఈనె పక్కకు వోవాలె, సూస్కో.”