కంప్యూటర్లు చూసేవాళ్లతో మూడు నెలలకోసారి కూర్చోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ఆపేసింది. ఆ తేదీ 2021 నుంచీ అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమే. అంటే నాలుగేళ్ల గడువు. అయినా భీమవరం, తణుకు, మండపేట, అమలాపురం చుట్టుపక్కల చాలా ఆఫీసుల్లో బిల్లింగ్ బల్ల మీద ఇప్పటికీ నడుస్తున్నది అదే. భద్రతా అప్‌డేట్లు రావడం ఆగిపోయిందన్న సంగతి యజమానికి తెలియదు. కంప్యూటర్లు చూసే కుర్రాడికి తెలుసు. కానీ వాళ్లిద్దరి మధ్య మాట ప్రింటర్ దగ్గర మొదలై ప్రింటర్ దగ్గరే ఆగిపోతుంది.

మన గోదావరి డెల్టా వ్యాపారాలకు కంప్యూటర్ల వైపు నుంచి తగులుతున్న దెబ్బల్లో చాలా వరకు తేదీ ముందే చెప్పి వచ్చినవే. జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్‌నే, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడాన్నే తీసుకుందాం. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవాళ్లతో మొదలైంది. అక్కడి నుంచి 100, 50, 20, 10 అంటూ దిగి 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకు వచ్చింది. వరస చూస్తే తన వంతు ఎప్పుడొస్తుందో ఎవరైనా లెక్కవేసుకోవచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి 10 కోట్లు, ఆపైన టర్నోవరు ఉన్నవాళ్లు బిల్లు వేసిన 30 రోజుల్లోపే దాన్ని పోర్టల్‌కి ఎక్కించాలి. అదే రోజు నుంచి, సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లు పోర్టల్‌లో ఓటీపీతో రెండంచెల లాగిన్ అందరికీ తప్పనిసరైంది. ఆ ఓటీపీ వెళ్లే ఫోను నిరుడు పని మానేసిన గుమాస్తాది అయితే, సరుకెక్కిన లారీ రాత్రంతా గేటు లోపలే నిలబడుతుంది. దీనికి సాఫ్ట్‌వేర్ మార్చక్కర్లేదు, డబ్బు పెట్టక్కర్లేదు. ముందు ఒక్కసారి ఎవరో ఒకరు అడిగి ఉంటే చాలు.

రాబోయేవీ ఉన్నాయి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. రాజమహేంద్రవరంలోని ఆసుపత్రి అయినా, పాలకొల్లులోని బట్టల షాపు అయినా, ఖాతాదారుల ఫోన్ నంబర్లు ఎక్కడ దాచారో, ఎవరికి కనిపిస్తాయో చెప్పగలగాలి. రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లకు మరొకటుంది. ఆహార సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో జాడ చూపాలన్న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన 2022లో ఖరారైంది, దాని జాబితాలో రొయ్యలున్నాయి. అమలు తేదీ 2026 జనవరి నుంచి 2028 జూలైకి జరిగింది. జరిగింది కాబట్టి మరిచిపోవచ్చనుకునేవాళ్లను చూస్తే నాకు దిగులేస్తుంది. చెరువు దగ్గర పట్టుబడి నాటి చీటీ నుంచి ప్లాంటులో ప్యాకింగ్ లాట్ నంబరు దాకా ఒకే వరసలో కలవాలంటే ఒక సీజన్‌లో అయ్యే పని కాదు.

సాగునీటి విషయంలో మనం ఇంత నిర్లక్ష్యంగా ఉండం. దాళ్వాకు ముందు జిల్లా సాగునీటి సలహా మండలి కూర్చుంటుంది. గోదావరిలో సహజంగా ఎంత ప్రవాహం ఉంది, సీలేరు నుంచి ఎంత వస్తుంది, ఎంత ఆయకట్టుకు ఇవ్వగలం, కాలువలు ఎప్పుడు కట్టేయాలి అన్నవి నాట్లు పడకముందే తేల్చుకుంటారు. అక్కడ వాదనలు జరుగుతాయి, అధికారులను నిలదీస్తారు, చివరకు ఒక తేదీ కాగితం మీద పడుతుంది. వ్యాపారంలో ఐటీ చూసే సంస్థతో జరగాల్సిన సమావేశం సరిగ్గా ఇలాంటిదే.

ఇప్పుడు జరుగుతున్నది ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం. సిస్టమ్‌కి ఇంత అని ఏడాదికి మాట్లాడుకుంటాం, చెడితే ఫోన్ చేస్తాం, కుర్రాడు బండి మీద వస్తాడు, బాగుచేసి వెళ్తాడు. ఈ ఒప్పందంలో ముందుచూపుకు పైసా లేదు. పైగా సిస్టమ్ ఒక్కింటికి వంద రూపాయలు తగ్గించమని బేరమాడి గెలిచిన యజమాని, ఆ వందతోపాటు అవతలివాడు ఆలోచించే సమయాన్ని కూడా కోసేశాడని నా అభిప్రాయం.

పెనుగొండ ప్రాంతంలో ఒక రైస్ మిల్లు కాటా గదిలో చూసినది చెప్తాను. తవుడు దుమ్ము పేరుకున్న సీపీయూ. దాని వెనక ఒక పెన్‌డ్రైవ్, ఎప్పుడు గుచ్చారో మరి, దాని మీదా అదే దుమ్ము. బ్యాకప్ ఏదని గుమాస్తాగారిని అడిగితే దాన్నే చూపించారు. "ఆయ్, రోజూ సాయంత్రం దానంతటదే పడిపోద్దండి." తిరిగి ఎక్కించి చూశారా ఎప్పుడైనా అన్నాను. "అవసరం రాలేదండి." ఆ పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కి అంటిపెట్టుకుని ఉన్నంతకాలం, ఫైళ్లను బందీ చేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ లోపలికి వస్తే కాటా లెక్కలకీ కాపీకీ కలిపి ఒకేసారి తాళం వేస్తుంది. ఆయన తప్పేమీ లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్నారు. చెప్పాల్సిన వాళ్లు, అడగాల్సిన వాళ్లు ఒక చోట కూర్చోలేదు, అంతే. మూడు నెలలకోసారి జరిగే సమావేశంలో ఇంకేమీ చేయకపోయినా, అందరి కళ్లెదుట ఒక పాత ఫైలును బ్యాకప్ నుంచి తీసి వేరే కంప్యూటర్‌లో తెరిపించండి. తెరుచుకోకపోతే ఆ రోజు మిగతా అజెండా పక్కన పెట్టేయవచ్చు.

అసలు మాట్లాడాల్సింది మాత్రం యజమాని. ఇది చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. సర్వీసు వాళ్లు వచ్చి ఈ మూడు నెలల్లో ఎన్ని కంప్లయింట్లు వచ్చాయో, ఎన్ని తీర్చారో చదివి వెళ్తే అది సమీక్ష కాదు, హాజరు పట్టీ. వచ్చే ఏడాది మీరేం చేయబోతున్నారో వాళ్లకు తెలియాలి. రావులపాలెంలో రెండో షాపు తెరుస్తారా, ఉండి ఊరి దగ్గర కోల్డ్ స్టోరేజీ కొంటున్నారా, అబ్బాయికి లెక్కలు అప్పగించి మీరు తప్పుకుంటున్నారా. 2025 ఆగస్టు ఆఖరులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మన ఆక్వావాళ్లు వేరే దేశాల కొనుగోలుదార్ల కోసం వెతికారు. కొత్త కొనుగోలుదారు మొదట అడిగేవి కాగితాలు: ఏ చెరువు, ఏ మేత, ఏ పరీక్ష, ఏ తేదీ. ఆ వివరాలన్నీ నాలుగు ఎక్సెల్ ఫైళ్లలో, మూడు వాట్సాప్ గ్రూపుల్లో చెదిరి ఉంటే ఐటీవాళ్లు రాత్రికి రాత్రి కూర్చలేరు. మార్కెట్ మారే ఆలోచన మొలకెత్తినప్పుడే వాళ్ల చెవిన వేసి ఉంటే ఆరు నెలలు చేతిలో ఉండేవి. వ్యాపార రహస్యాలు బయటివాళ్లకెందుకని సంశయించేవాళ్లున్నారు. ఆడిటర్‌కి చెప్తున్నాం కదా. ఐటీవాళ్ల చేతిలో మన లెక్కలన్నీ ఎలాగూ ఉన్నాయి, ఉద్దేశాలు మాత్రం దాచి ప్రయోజనం లేదు. గోప్యత మాట ఒప్పందంలో రాయించుకుంటే సరిపోతుంది.

వాళ్లను గట్టిగా అడగాల్సినవీ ఉన్నాయి. మన వెబ్‌సైట్ పేరు ఎవరి పేరున రిజిస్టరైంది? క్లౌడ్ ఖాతా ఎవరి ఈమెయిల్‌తో తెరిచారు? అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? చాలా చోట్ల జవాబు సర్వీసు కుర్రాడి సొంత జీమెయిల్. అతను హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే, మీ సంస్థ పేరు మీకే అప్పగించమని అతన్ని బతిమాలుకోవాలి. ఎనీడెస్క్ లాంటివాటితో దూరం నుంచి మీ సిస్టమ్‌లోకి ఎవరెవరు రాగలరో జాబితా తీసుకోండి. ఇవ్వడానికి తటపటాయిస్తే ఆ సంస్థ గురించి మీకు కావలసింది తెలిసిపోయినట్టే. 2024 జూలై ఆఖరులో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, యూపీఐ లాంటి చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరుచేయాల్సి వచ్చింది. సుమారు 300 బ్యాంకుల చెల్లింపులు నిలిచిపోయాయి. ఆ బ్యాంకులు తమ ప్రాంగణంలో చేసిన తప్పేమీ లేదు, వాళ్లు నమ్ముకున్నవాళ్ల ఇంట్లో దొంగ పడ్డాడు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు సమాచారమివ్వాలి. ఆ ఫోను ఎవరు చేస్తారు, మీరా వాళ్లా? దాడి జరిగిన రాత్రి తేల్చుకునే విషయం కాదిది.

ఇలాంటి సమావేశాలు చివరికి అమ్మకాల బేరంగా మారతాయన్న భయం సహజం, నిజం కూడా. కొత్త సర్వర్ కొనమన్న ప్రతిసారీ కొనకపోతే ఏమవుతుందో, ఎప్పటికవుతుందో రాసిమ్మనండి. డబ్బు కడుతూ వాడకుండా వదిలేసిన లైసెన్సులేమున్నాయో కూడా వాళ్లతోనే చెప్పించండి. నిజాయతీ ఉన్న సంస్థ ఈ రెండింటికీ జంకదు.

ఎప్పుడు కూర్చోవాలన్నది మాత్రం సీజన్‌ని బట్టే. మిల్లు యజమానిని సార్వా ధాన్యం దిగుతున్న డిసెంబరులో కూర్చోమంటే కుదరదు. దాళ్వా హడావుడి తీరిన జూన్ ఒకటి, అక్టోబరు మొదటి వారం ఒకటి, మిగతా రెండూ వీలునుబట్టి. చిన్న షాపుకు ఏడాదికి రెండు చాలు. అక్టోబరుది మాత్రం వదలకూడదు, మన తీరానికి తుపానుల కాలం అదే కాబట్టి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురానికి దగ్గర్లో తీరం దాటింది. వాతావరణ శాఖ రోజుల ముందే హెచ్చరించింది. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో, సర్వర్ నేల మీద ఉందో మేడ మీద ఉందో ఆ హెచ్చరిక వచ్చాక చూసుకుంటే ఆలస్యమే. కరెంటు ఉండి నెట్ లేని పరిస్థితి కూడా కోనసీమకు తెలుసు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. బిల్లింగ్ మొత్తం క్లౌడ్‌లో పెట్టుకుందామని ఎవరైనా ప్రతిపాదిస్తే, అలాంటి వారం మళ్లీ వస్తే బిల్లు ఎలా వేస్తామని అడగండి.

సమావేశంలో యజమానితోపాటు రోజూ ఆ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి తప్పక ఉండాలి. ఎక్కడ చేతితో రాసుకుని రాత్రి మళ్లీ ఎక్కిస్తున్నారో ఆమెకో అతనికో తప్ప ఇంకెవరికీ తెలియదు. అటువైపు నుంచి మరమ్మతుకు వచ్చే కుర్రాడొక్కడే కాక ఆ సంస్థ నడిపేవారు రావాలి. ఆ రెండు గంటలకు విడిగా రుసుము ఇవ్వండి. భీమవరం, సూరంపాలెం కాలేజీల్లో చదివి ఊళ్లోనే చిన్న ఐటీ సంస్థ పెట్టుకున్నవాళ్లు మన పట్టణాల్లో ఉన్నారు. కాటా ఎలా నడుస్తుందో, రొయ్య కౌంట్ ఎలా కడతారో వాళ్లకు తెలిసినంతగా నగరం నుంచి వచ్చే కన్సల్టెంట్‌కి తెలియదు. మనం వాళ్లకు మరమ్మతు కూలి మాత్రమే ఇస్తూ పోతే, వాళ్లలో తెలివైనవాళ్లు ముందు వెళ్లిపోతారు.