మత్తు డాక్టరుతో ముందురోజు మాట

విశాఖలో ఎవరికైనా ఆపరేషన్ అంటే చుట్టాలు అడిగే మొదటి మాట "ఏ డాక్టరు చేస్తున్నారు?" అని. ఆ డాక్టరు హస్తవాసి గురించి పక్కింటివాళ్లు కూడా చెబుతారు. మత్తు ఎవరిస్తున్నారని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. నాలుగేళ్ల కిందట అమ్మకు పిత్తాశయంలో రాళ్లు తీసినప్పుడు, మత్తు డాక్టరు ఆమెను మొదటిసారి చూసింది థియేటర్ తలుపు ముందు, స్ట్రెచర్ మీద. బీపీ ఉందా, షుగరుందా అని అడిగి, ఫైలు రెండు పేజీలు తిప్పి లోపలికి తీసుకెళ్లారు. ఆపరేషన్ బాగానే అయింది. కానీ ఇంటికొచ్చాక నాలుగు రోజులు అమ్మ గంజి తప్ప ఏదీ మింగలేకపోయింది. పై వరసలో ముందు పన్ను అంచు విరిగి ఉంది. వెళ్లి అడిగితే "గొట్టం వేశాం కదా, మామూలే" అన్నారు.

పోయిన ఏడాది హెర్నియాకి మరో ఆస్పత్రికి వెళ్లాం. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరమ్మ అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చున్నారు. "నోరు పెద్దగా తెరవండమ్మా. నాలుక బాగా బయటపెట్టండి. ఆ అని మాత్రం అనొద్దు" అంటూ సెల్‌ఫోన్ లైటు వేసి చూశారు. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడతాయేమో పెట్టుకోమన్నారు. తల వెనక్కి వాల్చమన్నారు. ఆ తర్వాత అడిగారు: "పోయినసారి గొట్టం వేయడం కష్టమైందని ఎవరైనా చెప్పారా?" మేం మొహమొహాలు చూసుకున్నాం. "పన్ను విరిగిందమ్మా" అంది అమ్మ. డాక్టరమ్మ అది రాసుకున్నారు.

ఆ కాసేపటి పరీక్ష విలువ తెలియాలంటే మర్నాడు థియేటర్లో ఏం జరుగుతుందో తెలియాలి. ప్రొపోఫాల్ లాంటి మత్తుమందు నరంలోకి ఎక్కిన అరనిమిషానికి, కాస్త అటూఇటూగా, స్పృహ పోతుంది. నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. కండరాలను వదులు చేసే మందు కూడా ఇచ్చాక ఊపిరి పూర్తిగా ఆగిపోతుంది. ఇక ఆ మనిషి ఊపిరి డాక్టరు చేతిలోనే. లారింగోస్కోప్ అనే లైటున్న పరికరంతో నాలుకను పక్కకు తోసి పైకెత్తి, స్వరతంత్రుల సందులోంచి గొట్టాన్ని శ్వాసనాళంలోకి పంపాలి. దాని చివరనున్న చిన్న బుడగలో గాలి నింపాలి. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి దిగకుండా ఆ బుడగే కాపలా.

దీనికి ఉన్న టైమెంత? మామూలు గాలి పీలుస్తున్న మనిషికి ఊపిరి ఆగితే ఒకటి రెండు నిమిషాల్లోనే రక్తంలో ఆక్సిజన్ పడిపోవడం మొదలవుతుంది. అందుకే మత్తుకు ముందు మూడు నిమిషాలు ముఖానికి మాస్కు పెట్టి ఆక్సిజన్ పీల్పిస్తారు. అలా నింపి పెడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏడెనిమిది నిమిషాల వెసులుబాటు దొరకొచ్చు. నిండు గర్భిణులకు, బాగా లావున్నవాళ్లకు అందులో సగం కూడా దొరక్కపోవచ్చు. గొట్టం ఎక్కదని అప్పుడు తెలియడం వేరు, ముందురోజే అనుమానం వచ్చి సిద్ధంగా ఉండడం వేరు.

అమ్మ నోరు చూసిన పద్ధతికి మల్లంపాటి పరీక్ష అని పేరు. గుంటూరు జిల్లా నుంచి అమెరికా వెళ్లిన మత్తు వైద్యుడు డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు, బోస్టన్‌లో 210 మంది రోగులను పరీక్షించి 1985లో దీన్ని ప్రచురించారు. నోరు తెరిచినప్పుడు కొండనాలుక, దాని పక్క మడతలు ఎంత కనిపిస్తే గొట్టం వేయడం అంత తేలికవుతుందని ఆయన గమనించారు. ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు. ప్రపంచమంతా మత్తు డాక్టర్లు ఒక తెలుగు ఇంటిపేరు పలుకుతూ చేసే పరీక్ష ఇది. దీనొక్కదానితో అంతా తేలదు, అందుకే మూడు వేళ్లూ, మెడ వాల్చడమూ కూడా చూస్తారు. అసలు చూడకుండా వదిలేయడానికి మాత్రం నాకు ఏ కారణమూ కనిపించదు.

అందులోనూ మన ప్రాంతంలో. ఉత్తరాంధ్ర పల్లెల్లో, మత్స్యకార వాడల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు అది. ఆ వేడికి, పొగకి అంగిలి తెల్లబారి పుండ్లు పడుతుంది, కొందరికి క్యాన్సర్ అవుతుంది. మగవాళ్లలో, కుర్రాళ్లలో గుట్కా. వక్క నమిలి నమిలి బుగ్గల లోపలి పొర నారలా బిగుసుకుపోతుంది. మూడు వేళ్లు పట్టాల్సిన నోట్లో ఒక్క వేలు పట్టడం కష్టమవుతుంది. ఇలాంటివాళ్లకు మత్తిచ్చి, ఊపిరి ఆపి, ఆ తర్వాత దారి వెతుక్కోవడం ప్రాణాలతో చెలగాటం. మెలకువగా ఉండగానే లిగ్నోకైన్‌తో ముక్కు, గొంతు మొద్దుబార్చి, కెమెరా ఉన్న సన్నని బ్రాంకోస్కోప్ మీదుగా ముక్కులోంచి గొట్టం పంపే పద్ధతి ఉంది. రోగి తన ఊపిరి తానే తీసుకుంటూ ఉంటాడు, గొట్టం పడ్డాకే నిద్రపుచ్చుతారు. కానీ మెలకువగా ఉన్న మనిషి గొంతులోకి గొట్టం దింపాలంటే, ఎందుకో ఏమిటో అతనికి ముందే నెమ్మదిగా చెప్పి ఒప్పించాలి. స్ట్రెచర్ మీద చెబితే భయంతో బిగుసుకుపోతాడు.

తప్పంతా డాక్టర్లదే అనను. చిన్న ఆస్పత్రులకు సొంత మత్తు డాక్టరు ఉండరు. ఒకే మనిషి పొద్దున ఒక చోట, మధ్యాహ్నం ఇంకో చోట కేసులు చూసుకుంటారు. ముందురోజు రావాలంటే ఆ రాకకూ, ఆ గంటకూ ఆస్పత్రి డబ్బు కట్టాలి. బిల్లులో థియేటర్ ఛార్జీలకు వరస ఉన్నప్పుడు దీనికీ ఒక వరస ఉండాలి. అర్ధరాత్రి హైవే మీద యాక్సిడెంటై వచ్చినవాళ్లకు ముందురోజు అనేదే ఉండదు, ఆ లెక్క వేరు. నేననేది తేదీ చూసుకుని, మంచిరోజు చూసుకుని చేయించుకునే ఆపరేషన్ల గురించి.

మన వైపు లోపాలూ ఉన్నాయి. ఊగే పన్ను, కట్టుడు పళ్లు, రాత్రి గురక, చుట్ట అలవాటు, ఇవేవీ చెప్పం. చెబితే ఆపరేషన్ వాయిదా వేస్తారని భయం. తెల్లవారుజామున ఒక గుక్క కాఫీయే కదా అనుకుంటాం. పాలు కలిసిన కాఫీకి కూడా టిఫిన్‌కి లాగే ఆరు గంటల గడువు ఉంది. రెండు గంటల ముందు వరకూ తాగనిచ్చేది మంచినీళ్ల లాంటివే, అదీ డాక్టరు సరేనంటే. కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో చెప్పి ఉంటే ఎవరూ దాచరు. సంతకం పెట్టించుకునే కాగితం ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో ఉంటే ఎవరికి అర్థమవుతుంది?

ఇంకొక్క విషయం అడగాలి. గొట్టం శ్వాసనాళంలో కాకుండా పక్కనే ఉన్న అన్నవాహికలో పడితే, స్టెతస్కోప్‌తో విన్నా ఒక్కోసారి పొరపాటు పడే అవకాశం ఉంది. బయటికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే క్యాప్నోగ్రాఫ్ తెర మీద ఊపిరి ఊపిరికీ ఒక అల లేస్తుంది. గీత చదునుగా ఉంటే గొట్టం తప్పు చోట పడిందనే ముందు అనుకోవాలి. వైద్య పరికరాలకని ప్రత్యేకంగా మెడ్‌టెక్ జోన్ కట్టుకున్న నగరం మనది. కోవిడ్ రోజుల్లో వెంటిలేటర్లు ఇక్కడ తయారయ్యాయి. ఈ నగరంలో గొట్టం వేసే ఏ థియేటర్లోనూ ఆ తెర లేకుండా మత్తు ఇవ్వకూడదు. "క్యాప్నోగ్రాఫ్ ఉందా అండీ?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

అమ్మ హెర్నియా ఆపరేషన్‌కి డాక్టరమ్మ కెమెరాతో గొంతు లోపలిని తెర మీద చూపే వీడియో లారింగోస్కోప్ తెప్పించి పక్కన పెట్టుకున్నారు. డిశ్చార్జి రోజున ఒక చీటీ ఇచ్చారు. "మాస్కుతో ఊపిరి అందించడం తేలికే. మామూలు లారింగోస్కోప్‌తో స్వరతంత్రులు కనిపించలేదు. వీడియో లారింగోస్కోప్‌తో గొట్టం పడింది. సైజు 7." కింద తేదీ, సంతకం. ఇలాంటి చీటీయే నాలుగేళ్ల కిందట మాకు అంది ఉండాల్సింది. అమ్మ దాన్ని ఆధార్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. మొన్న కంటి శుక్లానికి వెళ్తే, చుక్కల మత్తు చాలు, గొట్టం అక్కర్లేదని వాళ్లు చెబుతున్నా, ముందు ఆ చీటీ తీసి బల్ల మీద పెట్టింది.