ట్రక్కు అడుగుకు నల్ల పూత వద్దు, ఏటా నూనె కొట్టించండి

మిషిగన్, ఒహాయో, న్యూయార్క్, ఒంటారియో... ఎక్కడ కొత్త పికప్ ట్రక్ కొన్నా డీలర్ దగ్గర సంతకాలు పెట్టేటప్పుడు ఒక మాట తప్పదు. ‘అండర్‌కోటింగ్ వేయించుకోండి, ఇక తుప్పు సంగతి మర్చిపోవచ్చు’ అంటారు. దానికి వందల డాలర్లు, కొన్నిచోట్ల వెయ్యి పైచిలుకు తీసుకుంటారు. వేసేది రబ్బరో తారో కలిసిన దళసరి నల్ల పూత. చూడ్డానికి నున్నగా, నిండుగా ఉంటుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగే బండికి అది దండగ. డబ్బు దండగతో పోతే సరే అనుకోవచ్చు, మూడు నాలుగు చలికాలాలు గడిచేసరికి అదే తుప్పుకు చాటవుతుంది.

ఆ పూత ఆరి గట్టిపడే రకం. గడ్డకట్టే చలిలో పెళుసవుతుంది. లోడు పడ్డప్పుడల్లా ఛాసిస్, అంటే బండిని మోసే ఇనుప చట్రం, కొంచెం వంగుతుంది, టైర్లు ఎగజిమ్మే కంకర తగులుతుంది, వెల్డింగ్ అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. ఉప్పునీరు ఆ సందుల్లోంచి లోపలికి ఇంకుతుంది, మళ్లీ బయటికి రాదు. పగులు అంచున గాలి ఆడుతుంది, లోపల ఆడదు. ఆ తేడాతో సన్నటి కరెంటు పుట్టి లోపలి ఇనుము కరుగుతుంది. కరిగిన ఇనుము నీటితో చేరి ఆమ్లం తయారవుతుంది, ఉప్పులోని క్లోరైడ్ అక్కడికే పోగవుతుంది, ఆమ్లం ఇంకా చిక్కబడుతుంది. ఒకసారి మొదలైందంటే తనంత తానే సాగిపోతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పూత ఉబ్బుతుంది. ఉబ్బినచోట స్క్రూడ్రైవర్ మొన గుచ్చి చూడండి. నల్లటి పూత పెచ్చులా ఊడొస్తుంది, దాని వెనక ఎర్రటి రేకులు పొరలు పొరలుగా అంటుకుని ఉంటాయి, ఇనుము ఇంకా తడిగానే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ ట్రక్ కొనేవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. పదేళ్ల బండి అడుగున తాజా నలుపు మెరుస్తుంటే సంతోషించకండి, చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తినేసిన చోట మొద్దు చప్పుడు వస్తుంది.

బయట ఎంత మంచి పూత వేసినా తుప్పు లోపలి నుంచి వస్తే ఏం చేస్తారు? టయోటా ఉదంతం తెలిసిందే. 2005-10 టకోమా, 2007-08 టండ్రా, 2005-08 సెకోయా బళ్ల ఛాసిస్‌లు తుప్పుతో చిల్లులు పడుతున్నాయన్న దావాలో ఆ కంపెనీ 2016లో రాజీకొచ్చింది. సుమారు 15 లక్షల బళ్లకు వర్తించే ఆ ఒప్పందం విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అంచనా వేశారు. డబ్బాలా మూసి ఉండే ఛాసిస్‌లోకి రంధ్రాల గుండా ఉప్పు, బురద చేరితే ఆరే వీలుండదు. కింద పడుకుని పైపైన నల్లరంగు కొట్టే పనివాడి గన్ అక్కడికి చేరదు.

అందుకే గట్టిపడని పూత కావాలి. గొర్రె ఉన్ని జిడ్డు లానోలిన్‌తో చేసినదో, పల్చటి పెట్రోలియం నూనె రకమో. ఇవి అతుకుల్లోకి పాకుతాయి, నీటిని తోసేస్తాయి, రాయి తగిలి గీసుకుపోయినా చుట్టూ ఉన్న నూనె మళ్లీ అక్కడికి జారుతుంది. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలినంత కాలం బూజు పట్టదు, తగ్గితే మళ్లీ పోస్తాం. ఇక్కడా అంతే, ఏడాది తిరిగేసరికి కొంత కొట్టుకుపోతుంది, మళ్లీ కొట్టాలి. ఏటా చేయాల్సి రావడమే దీని లోపమని డీలర్లు అంటారు. నిజానికి దీని బలం అదే. ఏడాదికోసారి బండి పైకి లేస్తుంది, ఎవరో ఒకరు లైటు వేసి అడుగు చూస్తారు.

చేసే పద్ధతి కష్టమైంది కాదు, తొందర పనికిరాదు. సెప్టెంబర్ చివరో అక్టోబర్ మొదట్లోనో, రోడ్ల మీద తొలి ఉప్పు పడకముందే మొదలుపెట్టాలి. స్పేర్ టైర్ దించాలి, దాని పైనున్న క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డ దూలం) మీద మట్టి పేరుకుంటుంది. అడుగంతా నీళ్లతో కడిగి, ఛాసిస్ రంధ్రాల్లోకి కూడా పైపు పెట్టి కడిగి, రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. ఊడుతున్న పెచ్చుల్ని స్క్రేపర్‌తో, వైర్ బ్రష్‌తో తీసేస్తే చాలు, ఇనుము మెరిసేదాకా అరగదీయక్కర్లేదు. తలుపుల కింద, రాకర్ ప్యానెళ్ల (తలుపుల కింద పొడవునా ఉండే రేకుల) కింద నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోయి ఉంటే పుల్లతో తెరవాలి. ఈ ఒక్క పని మరచి నూనె కొడితే నీళ్లు లోపలే నిలుస్తాయి. బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు, సైలెన్సర్, ఆక్సిజన్ సెన్సార్లు, బెల్టులు కవర్లతో కప్పాలి. పెట్రోలియం రకమైతే రబ్బరు బుష్‌ల మీద పడనివ్వకూడదు, ఉబ్బుతాయి.

కంప్రెసర్‌కు స్ప్రే గన్ తగిలించి, అన్ని వైపులా చిమ్మే నాజిల్ ఉన్న సన్నటి గొట్టాన్ని ఛాసిస్ రంధ్రంలోకి చివరిదాకా తోసి, నొక్కుతూ మెల్లగా వెనక్కి లాగాలి. పెద్ద పికప్‌కు మూడు నాలుగు లీటర్లు పడుతుంది. అందులో సగం లోపలికే పోవాలి. మిగతాది లీఫ్ స్ప్రింగుల్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే హ్యాంగర్లు, షాకిల్స్, ఇంధన ట్యాంకు పట్టీలు, వెనక చక్రాల తోరణాలు, క్యాబ్ వెనక మూలలు, టెయిల్‌గేట్ (వెనక తలుపు) అడుగు అంచు, వీటి మీదికి. బ్రేక్ పైపుల్ని వేళ్లతో తడుముతూ వాటి పొడవునా కొట్టాలి. పైపుల విషయం తేలిగ్గా తీసుకోకండి. 1999-2003 మోడల్ జనరల్ మోటార్స్ ట్రక్కుల బ్రేక్ పైపుల తుప్పు మీద అమెరికా రహదారి భద్రతా సంస్థ దర్యాప్తు 2015లో రీకాల్ (బళ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడం) లేకుండానే ముగిసింది. అడుగు కడుక్కోండి, పైపులు తనిఖీ చేయించుకోండి అని యజమానులకు సలహా ఇచ్చి ఊరుకున్నారు. మార్చాల్సి వస్తే మామూలు స్టీలు పైపు వద్దు, రాగి-నికెల్ పైపు వేయించండి.

నూనె కారి డ్రైవ్‌వే మీద మరకలు పడతాయి, వారంపాటు వాసన వస్తుంది, మెకానిక్ చేతులు జిడ్డవుతాయి. ఈ అభ్యంతరాలన్నీ నిజమే. ఛాసిస్ మార్చే ఖర్చు ముందు ఇవి ఏపాటివి? అలాగని మన ఊళ్లలో లారీల కింద కొట్టినట్టు కాలిన ఇంజన్ ఆయిల్ మాత్రం కొట్టకండి. అందులో ఆమ్లాలు, లోహపు మురికి ఉంటాయి, కారినంత మేరా నేల పాడవుతుంది. కరెంటుతో తుప్పు ఆపుతామంటూ అమ్మే చిన్న డబ్బాలూ కొనకండి. అలాంటి పరికరం మీద అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990ల్లోనే చర్య తీసుకుంది. నీళ్లలో మునిగి ఉండే ఓడకు పనిచేసే ఆ సూత్రం గాల్లో తిరిగే బండికి పనిచేయదు.

చలికాలంలో రాత్రిళ్లు బండిని వెచ్చటి గ్యారేజీలో పెట్టడం మేలనుకుంటారు. అడుగున అంటిన మంచు అక్కడే కరుగుతుంది, వెచ్చదనానికి తుప్పు వేగం పెరుగుతుంది. లోపల పెట్టేవాళ్లు ముందు అడుగు కడగాలి. ఎండ కాసిందని ధీమా పడటానికీ లేదు. మామూలు ఉప్పు తడిసి ఉండాలంటే గాలిలో తేమ 75 శాతం దాకా ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల కలుపుతున్న మెగ్నీషియం క్లోరైడ్ అనే మరో ఉప్పుకు 33 శాతం చాలు.

ఇంత జాగ్రత్త మనమెందుకు పడాల్సి వస్తోందో కూడా అడగాలి. అమెరికా ఏటా సుమారు 2 కోట్ల టన్నుల ఉప్పు రోడ్ల మీద పోస్తోంది. ఉప్పు ప్రాణాలు కాపాడుతుంది, కాదనలేం. కానీ అది చవక కాబట్టి లెక్క లేకుండా పోస్తారు. బండి తుప్పు, వంతెనల ఊచల తుప్పు, బావుల్లో ఉప్పదనం, ఇవేవీ చల్లేవాడి పద్దులోకి రావు. మిషిగన్‌లోని ఫ్లింట్ నగరాన్నే చూడండి. 2014 ఏప్రిల్‌లో తాగునీటిని ఫ్లింట్ నదికి మార్చారు. ఆ నీటిలో క్లోరైడ్ ఎక్కువ. రోడ్ల ఉప్పు ఒక కారణం, శుద్ధికి వాడిన ఫెర్రిక్ క్లోరైడ్ మరొకటి. ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయని జనరల్ మోటార్స్ అదే అక్టోబర్‌లో ఆ నీళ్లు మానుకుంది. పైపుల తుప్పును ఆపే మందు కలపని అవే నీళ్లను, సీసం కరుగుతున్న పైపుల్లోంచి, పిల్లలు ఏడాదిపాటు తాగారు.

తగ్గించే దారులు తెలియనివి కావు. పొడి ఉప్పు చల్లితే దాదాపు 30 శాతం ఎగిరి రోడ్డు పక్కన పడుతుంది, ముందే తడిపి చల్లితే చాలావరకు అతుక్కుంటుంది. పార్కింగ్ స్థలాల్లో కాంట్రాక్టర్లు ఎవరో జారిపడి కేసు వేస్తారనే భయంతో గుమ్మరిస్తారు. న్యూహాంప్‌షైర్ 2013లో శిక్షణ పొందిన కాంట్రాక్టర్లకు అలాంటి కేసుల నుంచి కొంత రక్షణ ఇచ్చింది. మిగతా రాష్ట్రాలూ ఆ చట్టం తేవాలి. మన గుడి కమిటీలు, ఇళ్ల సంఘాలు దానికోసం ఆగక్కర్లేదు, అక్టోబర్‌లో మంచు తీసే కాంట్రాక్టు రాసుకునేటప్పుడే మూడు సంగతులు తేల్చుకోవచ్చు. చల్లే యంత్రాన్ని ఈ ఏడాది కొలత సరిచూశారా? గాలి ఉష్ణోగ్రత కాకుండా నేల ఉష్ణోగ్రత చూసి చల్లుతారా? డబ్బు టన్నుల లెక్కనా, సీజన్ మొత్తానికా? టన్నుల లెక్కనైతే ఆ కాంట్రాక్టు మీద సంతకం పెట్టకండి.