సవరణ: మరణ నమోదు సొంతూరిలో కాదు

వినియోగదారుల సహకార సంఘాల అంత్యక్రియల సేవల గురించి గత పోస్టులో, ఒడిశాలోని పర్లాకిమిడి సభ్యులు ఎక్కడ చనిపోయినా సొంతూరిలోనే మరణం నమోదు చేయించాలని రాశాం. తప్పు. మరణం జరిగిన చోటే నమోదు. శ్రీకాకుళం ఆసుపత్రిలో పోతే మరణ ధ్రువపత్రం అక్కడే తీసుకోవాలి. గడువు 21 రోజులు. 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుముతో పోతుంది, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పెద్దకార్యం అయ్యాక చూద్దామనుకుంటేనే చిక్కు.

చనిపోయిన సభ్యుడి పేరు పత్రాల్లో తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా ఉంటే నామినీకి (సభ్యుడు రాసిచ్చిన వారసుడికి) సంఘంలోని వాటా సొమ్ము ఇవ్వడం ఆగిపోవచ్చు. ఆసుపత్రి ఫారం నింపేటప్పుడే ఆధార్ పక్కన పెట్టుకుని ఇంగ్లిషు స్పెల్లింగు సరిచూడండి.

అన్నట్టు, వాటా సొమ్మంటే అంత్యక్రియలకు ముందే కట్టిన పైకం కాదు. బ్రిటన్‌లోనూ కో-ఆప్ (అక్కడి సహకార సంఘం) సభ్యత్వం వేరు, ముందస్తు అంత్యక్రియల ప్లాను వేరు; ఆ ప్లాన్లు 2022 జూలై 29 నుంచి అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ కిందికి వచ్చాయి.